పాటల పెట్టె: కొరియా బృందం జపనీస్‌లో ఎందుకు పాడుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ట్వైస్ అనే కొరియా బృందమంటే దానికి ప్రాణం. పుట్టినరోజుకు వాళ్ల సీడీ కొనిపెట్టమంది. తీరా చూస్తే అందులో పాటలన్నీ జపనీస్‌లో ఉన్నాయట! పాత పాటలనే భాష మార్చి మళ్లీ అమ్ముతున్నారా? పైగా ఒకే ఆల్బమ్ మూడు రకాల అట్టలతో కనిపిస్తోంది. ఏది కొనాలి?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: మీ అనుమానం వాళ్ల మొదటి జపాన్ రికార్డు విషయంలో కొంత నిజమే. 2015లో కొరియాలో రంగప్రవేశం చేసిన ట్వైస్, 2017 జూన్ 28న జపాన్‌లో ‘హ్యాష్‌ట్యాగ్ ట్వైస్’ విడుదల చేసింది. అప్పటికే కొరియాలో మారుమోగిన అయిదు పాటలు అందులో జపనీస్‌లోనూ కొరియన్‌లోనూ ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ‘వన్ మోర్ టైమ్’ మాత్రం జపాన్ శ్రోతల కోసమే కట్టిన కొత్త పాట. 2018 సెప్టెంబరు నాటి ‘బీడీజెడ్’ ఆల్బమ్ కూడా అలాంటిదే. ఆ పేరుతో ఉన్న పాటకు కొరియన్ రూపం తరువాత, డిసెంబరులో వచ్చింది. అంటే ఈసారి పాట జపాన్ నుంచి కొరియాకు ప్రయాణించింది.

భాష మార్చడాన్ని కూడా చిన్నచూపు చూడకండి. మన తెలుగులాగే జపనీస్‌లోనూ మాటలు దాదాపుగా అచ్చుతోనే ముగుస్తాయి. కొరియన్‌లో చాలా మాటలు హల్లు మీద ఠక్కున ఆగిపోతాయి. అలా ఆగిన చోట అచ్చు సాగితే పాట నడకే మారిపోతుంది. అందుకని రచయిత ఆ బాణీకి కొత్తగా మాటలు కూర్చాలి, గాయని ఊపిరి తీసుకునే చోటు మార్చుకోవాలి. ‘హ్యాష్‌ట్యాగ్ ట్వైస్’లో ‘టీటీ’ పాట రెండు రూపాలనూ వెంటవెంటనే వినిపించమని మీ అమ్మాయినే అడగండి. భాష రాకపోయినా ఆ తేడా మీ చెవికి తెలిసిపోతుంది.

ఈ బృందానికి జపనీస్ పరాయి భాష కూడా కాదు. తొమ్మిది మందిలో మోమో, సనా, మినా జపాన్ అమ్మాయిలే. చూయీది తైవాన్. మిగిలిన అయిదుగురే కొరియన్లు.

ఇక వ్యాపారం సంగతి. రికార్డు సంగీతం మీద వచ్చే మొత్తం రాబడిలో అమెరికా తరువాత ప్రపంచంలో పెద్ద విపణి జపానే. లోకమంతా ఫోన్లలో పాటలు వింటున్నా అక్కడివాళ్లు ఇప్పటికీ సీడీలు కొంటారు. కొత్త సీడీని ఇంత ధరకే అమ్మాలని కంపెనీ నిర్ణయించడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి దుకాణాల మధ్య ధరల పోటీ పెద్దగా ఉండదు. కంపెనీలు ఒకే ఆల్బమ్‌ను రకరకాలుగా తెస్తాయి. ఒకదానిలో ఫోటోల పుస్తకం, ఇంకొకదానిలో డీవీడీ, మూడోదానిలో సీడీ ఒక్కటే. అభిమాని మూడూ కొంటాడని వాళ్ల ఆశ. పిల్లల ప్రేమను ఇలా సొమ్ము చేసుకోవడం నాకు నచ్చదు.

మీరు సీడీ మాత్రమే ఉన్న సాధారణ రకం కొనండి, ‘బీడీజెడ్’ అయితే ఇంకా మంచిది. డీవీడీ ఉన్నది వద్దు. డీవీడీ ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడుతుందో చెప్పే రీజియన్ సంఖ్య జపాన్‌కు 2, మన దేశానికి 5. ఇక్కడి ప్లేయర్‌లో అది ఆడకపోవచ్చు. సీడీకి ఆ బాధ లేదు. తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం కూడా కలుపుకొని ధర చూసుకోండి.

ప్రశ్న: జపాన్ ఒకప్పుడు కొరియాను పాలించింది కదా. ఆ భాషలో పాడితే కొరియన్లకు బాధ కలగదా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: బాధ ఉంది, ఉండటం న్యాయం కూడా. 1910 నుంచి 1945 దాకా సాగిన ఆ పాలనలో, చివరి ఏళ్లకు వచ్చేసరికి బడుల్లోంచి కొరియన్ భాషను తొలగించారు, ఇంటిపేర్లను జపాన్ పద్ధతిలోకి మార్చుకోమని ఒత్తిడి పెట్టారు. అందుకే స్వాతంత్ర్యం వచ్చాక దక్షిణ కొరియా జపాన్ పాటలకు దశాబ్దాల పాటు తలుపులు మూసింది. 1998లో అధ్యక్షుడు కిమ్ డే-జుంగ్ ప్రభుత్వం ఆ తలుపులను విడతలవారీగా తెరవడం మొదలుపెట్టింది. జపనీస్‌లో పాడిన రికార్డుల అమ్మకానికి అనుమతి దొరికింది 2004 జనవరిలో.

ఈ తేదీల పక్కన కొరియా గాయని బోఆ పేరు పెట్టి చూడండి. 2002 మార్చిలో, పదిహేనేళ్ల వయసులో, ఆమె జపనీస్ ఆల్బమ్ ‘లిజన్ టు మై హార్ట్’ జపాన్‌లో ఆల్బమ్‌ల అమ్మకాలను లెక్కగట్టే ఒరికాన్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అంతకు ముందు ఏ కొరియా గాయకుడికీ, గాయనికీ దక్కని స్థానం అది. ఆ తరువాత తోహోషింకి అనే కొరియా బృందం వచ్చింది. సొంత దేశంలో అప్పటికే తారలైన ఆ అయిదుగురు యువకులు 2005లో జపాన్‌లో కొత్తవాళ్లలా చిన్న వేదికల మీద మొదలుపెట్టి, 2008 జనవరిలో గానీ సింగిల్స్ (విడి పాటల రికార్డుల) పట్టికలో మొదటి స్థానం అందుకోలేదు. ఈనాటి బృందాలు నడిచే దారి వీళ్లు వేసిందే. అందులో బోఆది మరీ కష్టమైన అడుగు. ఆమె ఆ శిఖరానికి చేరిన రోజున ఆమె సొంత దేశంలోని దుకాణాల్లో జపనీస్ పాటల రికార్డులు అమ్మడానికి ఇంకా అనుమతే లేదు.