ఆ 'లేవు' ఎక్కడిది?

విశాఖపట్నం

చి. హారికకు,

నీ వ్యాసం అందింది. బాగానే రాశావు. కానీ మూడో పేరాలో "అంతర్జాతీయ గణాంకాల ప్రకారం పాడేరు దాటాక కొండల్లో చెప్పుకోదగ్గ కప్పలు లేవు" అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను. ఆ 'లేవు' ఎక్కడిదమ్మా?

మన భాషలో 'లేదు'తో ఓ చిక్కుంది. కనిపించలేదు, వెతకలేదు, రాయలేదు, లేదు. నాలుగింటికీ ఒకటే తోక. నీ దగ్గరున్న ఆధారం మూడోదానికి సరిపోతుంది. నువ్వు రాసింది నాలుగోది.

నువ్వు వాడిన జీబీఐఎఫ్, అంటే ఏ జీవి ఎక్కడ కనిపించిందో ప్రపంచమంతటి నమోదుల్నీ ఒకచోట పెట్టే డేటా నిధి, 2001లో మొదలైంది, కేంద్రం కోపెన్‌హాగన్. అందులో నమోదులు 200 కోట్లు ఎప్పుడో దాటాయి. సగానికి మించి పక్షులవే. పక్షి జాతులు సుమారు 11 వేలు. కీటకాల్లో పేరు పెట్టినవే 10 లక్షల దాకా ఉన్నాయి. ఆ లెక్కన లోకంలో పక్షులే ఎక్కువని రాస్తావా? మెడలో బైనాక్యులర్లు వేసుకుని తిరిగేవాళ్ళు ఎక్కువ, అంతే. అమెరికా, పశ్చిమ యూరప్ పటం మీద నమోదుల చుక్కలతో నల్లగా కమ్ముకుపోవడానికీ కారణం అదే. నీ పటంలో చుక్కలు బీచ్ రోడ్డు వెంట, కంబాలకొండ గేటు దగ్గర, అరకు దారి పొడవునా ఉన్నాయి. అది కప్పల పటం కాదు, కార్లు ఆగే చోట్ల పటం. తేదీలు కూడా చూడు. జనం అరకు వెళ్ళేది డిసెంబరు, జనవరుల్లో. కప్పలు అరిచేది జూన్ నుంచి, అదీ రాత్రిపూట.

డేటా దించుకోగానే పటం గీయకు. ముందు అక్షాంశ రేఖాంశాల దశాంశాలు లెక్కపెట్టు. ఒక్క దశాంశమే ఉంటే ఆ చుక్క 11 కిలోమీటర్ల మేరకే చెబుతోంది. రెండుంటే ఒక కిలోమీటరు, మూడుంటే వంద మీటర్ల చిల్లర. విశాఖ 17.7, 83.3. ఈ రెండూ తారుమారైతే మన కప్ప నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. అక్షాంశ రేఖాంశాల గడులు ఖాళీగా ఉంటే కొన్ని ప్రోగ్రాములు సున్నాలు నింపేస్తాయి, అప్పుడది గినీ సింధుశాఖకు పోతుంది. జనం తాము చూసిన జీవుల్ని నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో ముప్పున్న జీవుల చోటును కావాలనే 20 కిలోమీటర్లకు పైగా ఉన్న గడిలో ఎక్కడో ఒకచోట చూపిస్తారు. ఆలివ్ రిడ్లే సముద్ర తాబేలు సింహాచలం కొండెక్కినా కంగారుపడకు, తప్పని తీసేయకు. పక్కనే అనిశ్చితి, అంటే చుక్క ఎంత అటూ ఇటూ కావచ్చో, మీటర్లలో రాసిన గడి ఉంటుంది. అదీ ఖాళీగా ఉంటే ఆ చుక్కను ఊరి పేరుతో ముడిపెట్టొద్దు.

మ్యూజియం నమూనాలది ఇంకో గొడవ. పాత లేబుల్ మీద 'వైజాగపటం జిల్లా' అని మాత్రమే ఉందనుకో. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా జయపురం, కోరాపుట్ కూడా ఈ జిల్లాలోవే. ఆ సంగతి తెలియనివాళ్ళు ఎక్కడో కూర్చుని చుక్కను ఊరి నడిబొడ్డున పెడితే కొండ గోరింక జగదాంబ సెంటర్లో వాలుతుంది.

'లేదు' అనే హక్కు ఎప్పుడొస్తుందంటే, వెతికిన శ్రమ లెక్క ఉన్నప్పుడు. పక్షులు చూసేవాళ్ళు తమ జాబితాలు పెట్టే ఈబర్డ్‌లో "గుర్తుపట్టినవన్నీ రాశారా" అనే ప్రశ్నకు అవునన్న జాబితాలే తీసుకో. పదిసార్లు వెళితే ఒకసారి కనిపించే పక్షి ఉందనుకో. అది అక్కడ లేదని 95 శాతం నమ్మకంతో అనాలంటే 29 జాబితాల్లో రాకూడదు. అవీ వేర్వేరు రోజులవి, సరైన రుతువులోవి, సరైన వేళవి. పాడేరు అవతల కప్పలకు అలాంటి రాత్రులు నువ్వు ఎన్ని చూపగలవు?

ఎడిటర్లు మొట్టమొదట కోసేది ఈ అంకెలనే. ఎన్ని గంటలు నడిచారో పాఠకుడికెందుకండీ అంటారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం గూడబాతుల్నీ ఎర్రకాళ్ళ కొంగల్నీ ఏటా 'సైబీరియా అతిథులు' చేసేదీ వీళ్ళే. అవి రెండూ ఈ దేశంలోనే గూడు కట్టి పిల్లల్ని చేసే పక్షులు. వాళ్ళు కోస్తారని నువ్వే ముందు కోసుకోకు.

కలివికోడి అనే అరుదైన పక్షి సంగతి నీ వ్యాసంలో లేకపోవడం నాకు వింతగా ఉంది. 1900 తర్వాత 86 ఏళ్ళు దాని నమోదు లేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రి టార్చి వెలుగులో పట్టుకున్నాడు. అది రాత్రి తిరిగే పక్షి. దానికి తెలుగు పేరంటూ ఉందంటే, అక్కడివాళ్ళకు అది ఉందని తెలిసే కదా. నువ్వు పాడేరులో ఎవరినైనా కప్పల పేర్లు అడిగావా?

కలం పేరు, ఏ పత్రికకు పంపాలి అన్న ప్రశ్నలు తర్వాత చూద్దాం. మూడో పేరాలో 'లేవు' కొట్టేసి, ఎన్ని నమోదులు, ఏ నెలల్లో, రోడ్డుకు ఎంత దూరంలో అన్నది రాసి మళ్ళీ పంపు. పటం కింద దించుకున్న తేదీ కూడా వెయ్యి. ఆ డేటా రోజూ మారుతుంది.

మాస్టారు