ఆ మందు మిషన్లోనే విరిగిపోతుంది

ప్రశ్న: మాది దర్శి దగ్గర పల్లె. ఒకే టిక్కీ (బస్తా)లోంచి తీసిన మిరపకాయల్ని రెండు ల్యాబులకు పంపాను. ఒకరు కాప్టాన్ అనే తెగుళ్ల మందు ఉందన్నారు, ఇంకొకరు లేదన్నారు. ఎవర్ని నమ్మాలండీ?

జవాబు: ‘లేదు’ అన్న కాగితాన్ని తొందరపడి నమ్మొద్దు తమ్ముడూ. ఒంగోల్లో చాలా ఏళ్లు ఈ మందులు పట్టే గ్యాస్ క్రొమటోగ్రఫీ మిషన్ ముందే కూర్చున్నాను.

అందులో శాంపిల్‌ని ముందు ఆవిరి చేయాలి. ఆ పని జరిగే ఇంజెక్టర్ వేడి మామూలుగా 250 డిగ్రీల దాకా ఉంటుంది. కాప్టాన్ ఆ వేడికి నిలవక విరిగి, టీహెచ్‌పీఐ అనే పదార్థం అవుతుంది. అందుకే యూరప్ వాళ్లు రెండూ కలిపి లెక్కేస్తారు.

మిరపతో ఇంకో చిక్కుంది. ఇంజెక్టర్లో లైనర్ అని వేలంత గాజు గొట్టం ఉంటుంది. ఓసారి బయటికి తీస్తే లోపలి గాజు దూది పచ్చడి జాడీ అడుగులా ఎర్రగా, జిడ్డుగా ఉంది. ఆ మడ్డి తగిలితే కాప్టాన్ ఇంకా విరుగుతుంది. కొత్త లైనర్ వేసి అదే స్టాండర్డ్ (ఎంత కాప్టాన్ ఉందో ముందే తెలిసిన ద్రావణం) ఎక్కిస్తే, గ్రాఫులో కాప్టాన్‌ని చూపే పీక్ మళ్లీ నిటారుగా లేచింది. అంతకుముందు రాసిచ్చిన రిపోర్టులు గుర్తొచ్చి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మీరు రెండు ల్యాబుల్నీ అడగండి: టీహెచ్‌పీఐ కూడా చూశారా? మందులేని మిరప సారంలో కలిపిన స్టాండర్డ్‌తో పోల్చారా? ఇంజెక్టర్‌ని చల్లగా మొదలుపెట్టి వేడి పెంచారా? కాయలు పొడి చేసేటప్పుడు డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) వేశారా? వేయకపోతే అక్కడా కాప్టాన్ పోతుంది.

కార్బరిల్, మెథోమిల్ అనే పురుగు మందుల సంగతైతే వేరు. అవీ వేడికి విరుగుతాయి కాబట్టి, వాటికి శాంపిల్‌ని ద్రవంగానే ఎక్కించే, ఇంజెక్టర్లో ఆవిరి పనిలేని ఎల్‌సీ-ఎంఎస్ పరీక్షే చేయించండి.

ఈసారి కాయల్ని ఒకేచోట డ్రై ఐస్‌తో పొడి చేయించి, బాగా కలిపి, ఆ పొడినే రెండు భాగాలు చేసి పంపండి. ఒకే టిక్కీలో కూడా కాయకీ కాయకీ మందు తేడా ఉంటుంది.