కంటెంట్ ప్రామాణికత రంగంలో ఉద్యోగాలు ఉంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. డీప్‌ఫేక్‌ల మీద కాలేజీలో సెమినార్ ఇచ్చినప్పటి నుంచి, ఫొటోలు, వీడియోలు ఎక్కడ పుట్టాయో నిరూపించే ఓపెన్ స్టాండర్డ్స్ మీదే పనిచేస్తానంటోంది. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో అలాంటి ఉద్యోగం పేరే వినలేదు. ఆమెను ప్రోత్సహించాలా, వారించాలా? చదువు అవగానే ఎమ్మెస్‌కు పంపడం మంచిదా?
– లెక్కల ఉపాధ్యాయుడు, నరసరావుపేట

జవాబు: మాస్టారూ, మీ సందేహం సహేతుకమైనదే. ఆ పేరుతో క్యాంపస్ నియామకాలు జరగడం అరుదు. అయితే ఆ పనికి కావలసిన విద్య వచ్చినవారిని సెక్యూరిటీ ఇంజినీర్, డిజిటల్ ఐడెంటిటీ డెవలపర్ వంటి వేరే పేర్లతో తీసుకుంటారు. కాబట్టి అమ్మాయిని వారించవద్దు. ఉద్యోగం పేరును వదిలి, దాని వెనుక ఉన్న విద్యను పట్టుకోమని చెప్పండి.

ఆ విద్య ఏమిటో మీకూ తెలిస్తే మంచిది. 2021 ఫిబ్రవరిలో అడోబీ, ఆర్మ్, బీబీసీ, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ట్రూపిక్ సంస్థలు కలిసి, డిజిటల్ కంటెంట్ పుట్టుకను, ప్రామాణికతను సరిచూసే ప్రమాణాల కోసం సీటూపీఏ (C2PA) అనే కూటమిని ఏర్పరచాయి. అది రూపొందించిన ప్రమాణం ప్రకారం కెమెరా గానీ, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గానీ ఒక ఫొటోకు దాని పుట్టుక, దానిలో జరిగిన మార్పుల వివరాలను జతచేసి, ఫొటో హ్యాష్‌ను (ఫొటోలోని డేటా నుంచి లెక్కకట్టిన, వేలిముద్ర లాంటి సంకేతాన్ని) కూడా అందులో చేర్చి, మొత్తానికి డిజిటల్ సంతకం చేస్తుంది. ఆ తర్వాత ఎవరైనా ఫొటోను గుట్టుచప్పుడు కాకుండా మారిస్తే హ్యాష్ సరిపోలదు. 2023లో వచ్చిన లైకా ఎం11-పీ కెమెరాలో ఈ ఏర్పాటు లోపలే ఉంది.

ఇక్కడే చాలామంది విద్యార్థులు పొరబడతారు. ఈ సంతకం ఫొటోలో ఉన్నది నిజమని చెప్పదు. ఎవరు సంతకం చేశారో, ఆ తర్వాత అది మారిందో లేదో మాత్రమే చెబుతుంది. నాటకమాడించి తీసిన ఫొటోకు కూడా సంతకం నిక్షేపంగా పడుతుంది. పైగా, చాలా సోషల్ మీడియా వేదికలు ఫొటోను కుదించేటప్పుడు ఈ వివరాలను తొలగిస్తాయి. 2025లో నికాన్ జెడ్6 త్రీ కెమెరాలోని ఒక లోపం వల్ల, అర్హత లేని చిత్రానికీ సంతకం పడే వీలుందని బయటపడటంతో, ఆ కంపెనీ సేవను నిలిపివేసి, అప్పటిదాకా జారీచేసిన సర్టిఫికెట్లను (సంతకం ఎవరిదో ధ్రువీకరించే డిజిటల్ పత్రాలను) రద్దుచేసింది. అక్కడ సంతకం వెనుక ఉన్న గణితం తప్పలేదు, దాని చుట్టూ కట్టిన ఏర్పాటు తప్పింది. ఈ తేడాను ఇంటర్వ్యూలో వివరించగలిగిన అభ్యర్థికి, సిలబస్ అప్పజెప్పే అభ్యర్థికి మధ్య ఎంత దూరం ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

గణితానికి, ఏర్పాటుకు మధ్య ఉన్న ఈ తేడాను ఇంట్లోనే చూపించవచ్చు. ఈ-ఆధార్ పీడీఎఫ్‌ను కంప్యూటర్‌లో తెరిస్తే సంతకం దగ్గర తరచుగా ప్రశ్నార్థక గుర్తు కనిపిస్తుంది. సంతకం తప్పని దాని అర్థం కాదు. సంతకం చేసినవారిని నమ్మాలో వద్దో ఆ సాఫ్ట్‌వేర్‌కు ఇంకా తెలియదని అర్థం. ఎవరి సర్టిఫికెట్‌ను నమ్మాలి, ఎవరు నిర్ణయించాలి, రద్దయిన సర్టిఫికెట్ సంగతి అందరికీ ఎలా చేరాలి అన్న ప్రశ్నలు సీటూపీఏకూ ఉన్నాయి. డిగ్రీ పట్టాల వంటివాటిని వెబ్‌లో సరిచూసుకునేలా జారీచేయడానికి వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ తెచ్చిన వెరిఫయబుల్ క్రెడెన్షియల్స్ ప్రమాణానికీ అవే ప్రశ్నలు ఉన్నాయి, దాని 2.0 వెర్షన్ 2025 మేలో వెలువడింది. జీతం ఇచ్చే పని ఎక్కువగా ఈ నమ్మకపు ఏర్పాట్లలోనే ఉంటుంది. మన దేశంలో 2000 నాటి ఐటీ చట్టం కింద లైసెన్సు పొంది డిజిటల్ సంతకాల సర్టిఫికెట్లు జారీచేసే ఈముద్రా వంటి సంస్థలు, బ్యాంకుల సాంకేతిక అవసరాల కోసం రిజర్వు బ్యాంకు హైదరాబాద్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ ఆమె గమనంలో ఉండాలి.

ఇక ఏం చేయాలంటే, హ్యాష్, పబ్లిక్ కీ (సంతకాన్ని ఎవరైనా సరిచూసుకునేందుకు బహిరంగంగా ఇచ్చే తాళంచెవి లాంటిది), ఎక్స్.509 అనే ప్రామాణిక రూపంలోని డిజిటల్ సర్టిఫికెట్లు ఈ సెమిస్టర్‌లోనే గట్టిగా నేర్చుకోవాలి. ఆ తర్వాత సీటూపీఏటూల్ అనే ఉచిత, ఓపెన్ సోర్స్ సాధనంతో తన ఫొటోకు తానే సంతకం చేసి, దాన్ని చెడగొట్టి, సరిచూపు ఎక్కడ విఫలమవుతుందో రాసిపెట్టుకోవాలి. అది రస్ట్ భాషలో రాసినదైనా, పైథాన్ లైబ్రరీ కూడా ఉంది. అక్కడి నుంచి, సరిచూపు ఫలితాన్ని ఒక పత్రిక డెస్క్‌లోని సబ్ ఎడిటర్‌కు తెలుగులో అర్థమయ్యేలా చెప్పే చిన్న అప్లికేషన్‌ను ఫైనలియర్ ప్రాజెక్టుగా చేయవచ్చు. ప్రమాణాల పత్రాలన్నీ ఉచితంగా దొరుకుతాయి, డబ్ల్యూ3సీ కమ్యూనిటీ గ్రూపుల్లో ఎవరైనా రుసుము లేకుండా చేరవచ్చు. ఒక పత్రంలో అస్పష్టమైన వాక్యాన్ని పట్టుకుని ప్రశ్న లేవనెత్తినా, అది ఆమె పేరుతో అందరికీ కనిపించే పని అవుతుంది. ఈ రంగం పేరు చెప్పి వేలకు వేలు వసూలు చేసే సర్టిఫికెట్ కోర్సుల జోలికి మాత్రం పోనివ్వకండి.

ఎమ్మెస్ విషయంలో తొందర వద్దు. ప్రాజెక్టు పూర్తయ్యేసరికి ఆమెకు గణితం వైపు మనసు లాగితే, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో భద్రత, అల్గారిథమ్‌ల మీద పరిశోధించే కేంద్రం ఉంది. అప్పు చేసి విదేశాలకు పంపే ముందు దాన్ని పరిశీలించండి. వ్యవస్థలు కట్టడం వైపే మొగ్గితే రెండేళ్లు ఉద్యోగం చేశాక వెళ్లడమే మేలు. ఈలోగా క్యాంపస్‌లో మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే కాదనవద్దు. సెక్యూరిటీ లేదా ఐడెంటిటీ బృందంలో చోటు ఇమ్మని చేరే ముందే అడగమనండి.