మొదటి బిల్లు చేతికి వచ్చినప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్తగా ఎమ్మెల్యేవయ్యావు, ఈ శాసనసభ సమావేశాల్లో నీ బల్ల మీదికి బిల్లులు, అంటే చట్టాల ముసాయిదాలు, వస్తాయి. ప్రతిదాన్నీ వెనక పేజీల నుంచి చదువు నాయనా. చట్టం ఎందుకు తెస్తున్నారో ఉద్దేశాలు, కారణాల ప్రకటనలో ఉంటుంది. ఖర్చెంతో ఆర్థిక మెమొరాండం చెప్తుంది. ఏయే సంగతులను రూల్స్ పేరిట అధికారులకు వదిలేశారో చెప్పే మెమొరాండం కూడా అక్కడే ఉంటుంది. ఎవరూ తిప్పి చూడని ఆ కాగితాన్నే నువ్వు ముందు చూడాలి.

ప్రవేశపెట్టే రోజు పెద్దగా చర్చ ఉండదు. "పరిశీలనకు చేపట్టాలి" అని మంత్రి ప్రతిపాదించినప్పుడు మేలుకో. బిల్లును లోతుగా చూసే సభ్యుల బృందమైన సెలక్ట్ కమిటీకి పంపాలన్నా, ప్రజాభిప్రాయం తీసుకోవాలన్నా అడగాల్సింది అప్పుడే.

అసలు పని క్లాజుల వారీ, అంటే బిల్లులోని ఒక్కో నిబంధన వారీ, పరిశీలనలో ఉంది. టీవీలో వచ్చే ఉపన్యాసంతో చట్టంలో అక్షరం కూడా మారదు, సవరణతోనే మారుతుంది. "పేదలకు న్యాయం జరిగేలా మార్చాలి" అంటే అది సవరణ కాదు. "క్లాజు 4, సబ్‌క్లాజు 2లో 'ముప్ఫై రోజులు' అన్నదానికి బదులు 'పదిహేను రోజులు' అని ఉంచాలి" అని చోటు చూపించి రాయి. అదే గడువు ఇంకో క్లాజులో కూడా ఉంటే దానికి వేరే సవరణ ఇవ్వాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నోటీసు గడువులోగా ఇచ్చినా, స్పీకర్ పేరు పిలిచినప్పుడు నువ్వు సీట్లో లేకపోతే అంతా వృథా. పన్ను తగ్గించే సవరణకు గవర్నర్ సిఫార్సు అక్కర్లేదని రాజ్యాంగం 207వ అధికరణమే చెప్తోంది, ఎవరైనా అడ్డుపడితే అది చూపించు. నోటితో అవును, కాదు అని చెప్పే మూజువాణి ఓటు మీద అనుమానముంటే అక్కడికక్కడే డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, అడుగు. బిల్లును ఆమోదించాలనే ప్రతిపాదన వచ్చే మూడో దశకు చేరాక మాటల మార్పులు తప్ప మరేమీ సాగవు.

శాసనసభ పంపిన బిల్లును శాసన మండలి ఆలస్యం చేయగలదు గానీ ఆపలేదు. పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటి వాటికే పరిమితమైన ద్రవ్య బిల్లుకు 14 రోజులు. మిగతా వాటికి మొదటిసారి మూడు నెలలు, సభ మళ్లీ ఆమోదించి పంపితే ఒక నెల. ఆంధ్రప్రదేశ్‌లో మూడు రాజధానుల బిల్లు 2020 జనవరిలో మండలిలో ఆగింది. సభ జూన్‌లో మళ్లీ ఆమోదించింది, జూలై 31న గవర్నర్ సంతకం పడింది.

ఆ సంతకాన్ని లాంఛనం అనుకోవద్దు. 200వ అధికరణం కింద గవర్నర్ ఆమోదించవచ్చు, తిప్పి పంపవచ్చు, రాష్ట్రపతికి నివేదించవచ్చు. కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలో కేంద్ర చట్టానికి అడ్డుపడే నిబంధన నిలబడాలంటే 254వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఆమోదం కావాలి. మహిళలపై నేరాలకు కఠిన శిక్షల కోసం 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ సభ ఆమోదించిన దిశ బిల్లు ఆ ఆమోదం దొరక్కే ఆగిపోయింది. ఆ పేరుతో స్టేషన్లూ యాప్ వచ్చేసరికి, చట్టం కూడా వచ్చేసిందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు.

గెజిట్‌లో అచ్చయ్యాక క్లాజు 1 మళ్లీ చూడు. "ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి" అని ఉంటే చట్టం ఇంకా అమల్లోకి రానట్టే. తేదీ ఎప్పుడు ప్రకటిస్తారు, రూల్స్ ఎప్పుడు సభ ముందు పెడతారు అని తర్వాతి సమావేశాల్లో ప్రశ్న వేయి. జవాబు తేదీతో సహా వచ్చేదాకా అనుబంధ ప్రశ్నలు మానకు.

ఆశీస్సులతో,
పెదనాన్న