తెలియకుండా అన్నంలో మాత్ర కలపవద్దు

“మావారు రోజూ తాగుతున్నారు, ఆయనకు తెలియకుండా సాంబారులో కలిపే మాత్ర బెంగళూరులో ఎక్కడ దొరుకుతుంది?” అని మీరు అడిగారు. కలపవద్దమ్మా. మావారూ తాగేవారు, అప్పుడు నాకూ బంధువులు ఇలా కలపమనే సలహా ఇచ్చారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అలా కలపమని చెప్పేది చాలావరకు డైసల్ఫిరామ్. మద్యం ఒంట్లోకి వెళ్లాక ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. మామూలుగా కాలేయం దాన్ని విరిచేస్తుంది. ఈ మాత్ర ఆ పని జరగనివ్వదు. అప్పుడు తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోవచ్చు. గుండెజబ్బు ఉంటే ప్రాణానికే ముప్పు. మాత్ర ఆపిన రెండు వారాల వరకు కూడా ఇలా కావచ్చు. విషయం తెలిసిన మనిషిని ఆ భయమే ఆపుతుంది. తెలియని మనిషి సాయంత్రం కాగానే ఎప్పటిలాగే గ్లాసు అందుకుంటారు.

మేము బెంగళూరు హోసూరు రోడ్డులోని మానసిక, నరాల జబ్బుల ఆస్పత్రి నిమ్హాన్స్‌కు వెళ్లాం. వ్యసనాల చికిత్సకు అక్కడ ప్రత్యేక విభాగం ఉంది. రోజూ ఎక్కువగా తాగేవారు ఇంట్లో ఉన్నపళంగా మానేయకూడదని డాక్టరు ముందే హెచ్చరించారు. మూర్ఛలు రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి లేనివి కనిపించవచ్చు. మావారు కాఫీ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా చొక్కా మీద ఒలికిపోయేది. ఆస్పత్రిలో ఉంచుకుని, వణుకు తగ్గడానికి మందులు, బి1 విటమిను ఇంజెక్షన్లు ఇచ్చారు.

ఆ తర్వాత నాల్ట్రెక్సోన్ రాశారు, రోజుకు 50 మిల్లీగ్రాములు. ఇది వాంతులతో భయపెట్టే మందు కాదు. తాగితే మెదడుకు అందే హాయిని తగ్గిస్తుంది, తాగాలన్న తహతహ నెమ్మదిస్తుంది. అయితే ట్రమడాల్ వంటి నొప్పి మందులతో కలిపి వాడకూడదు. అందుకే పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా మావారు ముందు ఈ చీటీయే చూపిస్తారు. అకాంప్రోసేట్ అనే మరో మందుంది, దానికి మూత్రపిండాలు బాగుండాలి. ఎవరికి ఏది సరిపోతుందో పరీక్షలు చూసి డాక్టరే చెప్పాలి. మావారు మాత్రతో పాటు కౌన్సెలింగ్‌కూ వెళ్లారు. అది లేకపోతే నిలబడేవారు కాదని నా నమ్మకం.

ఆయన రానంటే ముందు మీరొక్కరే వెళ్లి డాక్టరుతో మాట్లాడండి. ఆయన వాడే మందుల చీటీలు, పాత రక్తపరీక్షల కాగితాలు తీసుకెళ్లండి. ఈలోగా మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోను సాయం టెలిమానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. మానేసిన రోజుల్లో మూర్ఛ వచ్చినా, మాటలు తడబడి మనుషులను గుర్తుపట్టకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి.