ఇన్సెంటివ్‌ను నమ్ముకుని చిట్టీలో చేరవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌లో ఏసీలు, టీవీల సేల్స్‌లో పనిచేస్తున్నాను. కోతలు పోను జీతం 18,000 రూపాయలు. ఇన్సెంటివ్ ఆషాఢంలో 2,000 దాటదు. ఈసారి దసరా, దీపావళికి కలిపి 45,000 వచ్చింది. ఏడాది మొత్తం మీద 96,000 దాకా ఉంటుంది. ఇంటి ఖర్చు నెలకు 15,000. క్రెడిట్ కార్డు బాకీ 60,000 ఉంటే నెలకు 3,000 కడుతున్నాను. నెలాఖరులో టార్గెట్‌కు తక్కువ పడినప్పుడు నా కార్డు మీదే కొన్న వస్తువుల బాకీ అందులో సగం. తోటి ఉద్యోగులు 20 నెలల 2 లక్షల చిట్టీలో చేరమంటున్నారు. మార్చిలో నా భార్యకు కాన్పు. ఏం చేయాలి?

జవాబు: ఈ చిట్టీలో చేరకండి. నెలకు 10,000 దాకా కట్టాల్సిన చిట్టీని మీరు దసరా ఆదాయం చూసి ఆలోచిస్తున్నారు, కానీ ఆ వాయిదా ఆషాఢంలోనూ కట్టాలి. ఆ నెలలో ఇంటి ఖర్చు, కార్డు వాయిదా పోగా మీ చేతిలో మిగిలేది 2,000 మాత్రమే. పైగా తోటి ఉద్యోగులు తమలో తాము నడుపుకునే చిట్టీ రిజిస్టర్ అయినదేనా అన్నది చూసుకోవాలి, ఎందుకంటే రిజిస్టర్ చేయకుండా ఇంత పెద్ద చిట్టీ నడపడం 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం నేరం, డబ్బు చిక్కుకుంటే మీకు అండగా నిలిచే కాగితం ఒక్కటీ ఉండదు.

మీ అసలు సమస్య కార్డు. నెలకు మూడున్నర శాతం చొప్పున 60,000 మీద వడ్డీ 2,100, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 378 రూపాయలు. అంటే మీరు కడుతున్న 3,000లో బాకీ నుంచి తగ్గేది 522 రూపాయలే. ఏ చిట్టీ, ఏ డిపాజిట్ కూడా ఈ వడ్డీకి సాటి రాదు కనుక, వచ్చిన 45,000లో 40,000 ఈ వారమే కార్డుకు కట్టి, మిగతా 5,000 అత్యవసరానికి ఉంచుకోండి. మిగిలిన 20,000కు నెలకు 5,000 చొప్పున కడితే, ఏసీల సీజన్ మొదలయ్యే మార్చి నాటికి బాకీ తీరిపోతుంది. టార్గెట్ కోసం సొంత కార్డు గీకడం మాత్రం ఈ రోజుతో ఆపండి. షోరూమ్ అమ్మకాల లెక్కను మీ ఇంటి అప్పుగా మార్చే ఈ అలవాటు ఎంతమంది సేల్స్ కుర్రాళ్లను కుంగదీస్తోందో తలచుకుంటే బాధ కలుగుతుంది.

బాకీ తీరాక ఇన్సెంటివ్ కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవండి. వచ్చిన ఇన్సెంటివ్ అంతా అందులో వేసి, అక్కడి నుంచి ప్రతి నెలా 5,000 మాత్రమే ఇంటి ఖాతాకు మార్చుకోండి. సగటున నెలకు 8,000 వస్తుండగా 5,000 ఎందుకని అనిపించవచ్చు. కానీ ఈ ఆదాయం మీ కష్టం మీదే ఆధారపడి ఉండదు: 2025 ఆగస్టు 15న జీఎస్టీ తగ్గింపు ప్రకటన వచ్చాక, ఏసీల మీద, 32 అంగుళాలు దాటిన టీవీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగిన సెప్టెంబర్ 22 దాకా చాలామంది కొనుగోళ్లు వాయిదా వేసుకున్నారు, ఎంత నేర్పు గల సేల్స్‌మన్ అయినా దానికి చేయగలిగింది లేదు. అందుకే ఆ ఖాతాలో మూడు నెలల ఖర్చుకు సరిపడా, అంటే 45,000కు తగ్గకుండా నిల్వ చేరాకే పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) గురించో, రిజిస్టర్ అయిన సంస్థలో చిన్న చిట్టీ గురించో ఆలోచించండి.

షోరూమ్ మారినప్పుడల్లా పీఎఫ్ తీసేసుకోవడం మీ రంగంలో మామూలే, మీరు మాత్రం ఆ పని చేయకండి. పాత ఖాతాను కొత్త యాజమాన్యానికి బదిలీ చేయించుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే ఆ మొత్తం పన్ను లెక్కలోకి వస్తుంది, పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. ఏడాదికి 436 రూపాయలతో జీవన జ్యోతి అనే ప్రాణ బీమా, 20 రూపాయలతో సురక్ష అనే ప్రమాద బీమా బ్యాంకులోనే తీసుకోండి.

ఇక కాన్పు సంగతి. మీ పే స్లిప్‌లో ఉద్యోగుల ఆరోగ్య బీమా అయిన ఇఎస్ఐ కోత ఉందేమో చూడండి. అందులో ఉండటానికి వేతన పరిమితి నెలకు 21,000 అయినా, ఏప్రిల్–సెప్టెంబర్, అక్టోబర్–మార్చి అనే రెండు చందా కాలాల్లో ఏదైనా ఒకదాని మధ్యలో వేతనం ఆ పరిమితి దాటితే, ఆ కాలం ముగిసేదాకా సభ్యత్వం కొనసాగుతుంది. అలా ఉంటే మీ భార్యకు సనత్‌నగర్ ఇఎస్ఐ ఆసుపత్రిలో కాన్పు ఖర్చు లేకుండా జరుగుతుంది. ఆమె పేరు, ఆధార్ మీ ఇఎస్ఐ కుటుంబ వివరాల్లో నమోదయ్యాయో లేదో ఈ నెలలోనే హెచ్‌ఆర్ వారిని అడిగి సరిచూసుకోండి.