ఏమీ తెలియనివాళ్లు కూడా వాడగలిగే రెస్క్యూ పెన్‌డ్రైవ్ ఎలా ఉండాలి?

ఇంట్లోవాళ్లు సొంతంగా వాడుకునేలా రెస్క్యూ డిస్క్ (కంప్యూటర్ ఆన్ కానప్పుడు దాన్ని నడిపి ఫైళ్లు కాపాడుకునే పెన్‌డ్రైవ్) చేయాలంటే అందులో ఏమేం పెట్టాలని అడిగారు. ఏం పెట్టాలో తర్వాత, ముందు అందులో ఏవి కంటికి కనపడకూడదో చూసుకోండి.

తిరుపతి కొర్లగుంటలో మా బావకు ఫోటో స్టూడియో ఉంది. ఆయన కోసం ఒక పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ (ఒకే పెన్‌డ్రైవ్ నుంచి చాలా సిస్టమ్‌లు ఎంచుకునే మెనూ ఇచ్చే టూల్) వేసి, సిస్టమ్‌రెస్క్యూ, జీపార్టెడ్, క్లోన్‌జిల్లా లాంటి రిపేర్, డిస్క్ కాపీ టూల్స్, విండోస్ ఇన్‌స్టాలర్ అన్నీ నింపి ఇచ్చాను. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక రాత్రి కంప్యూటర్ ఆన్ కాలేదు. నేను ఊళ్లో లేను. పెన్‌డ్రైవ్ పెడితే తెర నిండా ఇంగ్లీషు పేర్లు. అందులో ఆయనకు తెలిసింది విండోస్ ఒక్కటే. దాన్నే నొక్కి, టెన్షన్‌లో నెక్స్ట్ నెక్స్ట్ అంటూ పోయి ఫార్మాట్ చేసేశాడు. పాత హార్డ్ డిస్క్ కాబట్టి, చెరిగిన ఫైళ్లు వెలికితీసే ఫోటోరెక్ టూల్‌తో ఒక పెళ్లి ఫోటోలు చాలావరకు తిరిగొచ్చాయి, కానీ ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు పోయాయి. ఎస్‌ఎస్‌డీ (కొత్త రకం డిస్క్) అయ్యుంటే ఆ ఫోటోలూ దక్కేవి కావేమో. తప్పు ఆయనది కాదు, ఆ మెనూ పెట్టిన నాది.

ఇప్పుడు నేను చేసిచ్చేది పెట్టగానే నేరుగా లినక్స్ (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) డెస్క్‌టాప్ వస్తుంది. తెర మధ్యలో ఒకటే పెద్ద బటన్: ‘నా ఫైళ్లు కాపీ చేయి’. పాత డిస్క్ రీడ్-ఓన్లీగానే (చదవడానికే, మార్చడానికి వీల్లేకుండా) తెరుచుకుంటుంది కాబట్టి కంగారులో ఏం నొక్కినా ఫోటోలు చెరగవు. పార్టిషన్ (డిస్క్‌ను భాగాలు చేసే), రిపేర్ టూల్స్ పాస్‌వర్డ్ వెనక ఉంటాయి. కంప్యూటర్ ఆన్ కాగానే దేన్ని నడపాలో అడిగే బూట్ మెనూనే తెలుగులో పెడదామని చూశాను. ఆ మెనూ చూపించే గ్రబ్ ప్రోగ్రామ్‌లో ఒత్తులు సరిగా కలవవు, చదవలేం. డెస్క్‌టాప్‌లో నోటో అనే తెలుగు ఫాంట్ వేస్తే ఆ బాధ లేదు.

కాపీ చేసుకునే డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంచండి. పాత ఫ్యాట్32 ఫార్మాట్ అయితే 4 జీబీ దాటిన పెళ్లి వీడియో ఎక్కదు. ఆ కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్‌ను ఎంచుకునే బూట్ మెనూ ఎఫ్12తో వస్తుందో ఎఫ్9తో వస్తుందో చీటీ మీద రాసి పెన్‌డ్రైవ్‌కే కట్టండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే ప్రింట్ తీసి బీరువాలో పెట్టించండి. అది లేకపోతే ఏ రెస్క్యూ డిస్కూ ఆ ఫైళ్లు తెరవలేదు.

అంతా అయ్యాక అక్కను కూర్చోబెట్టి, నేను నోరు మెదపకుండా పక్కన నిలబడ్డాను. ‘డ్రైవ్ మౌంట్ చేయి’ అన్నచోట ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ మాట తీసేసి ‘పాత డిస్క్ తెరువు’ అని రాశాను.